తెలిసినంక ఏం జేస్తరు?

ఆరోగ్య కార్యకర్తల శిక్షణ సమావేశం ఒకటి జరుగుతున్నది. డాక్టరుగారు తెరమీద బొమ్మలు చూపిస్తూ చెబుతున్నారు. నెలలు నిండకముందే ఉమ్మనీటి సంచి పగిలే ప్రమాదం ఎవరికి ఉన్నదో ఇకముందు రక్త పరీక్షతోనే కనిపెట్టవచ్చునట. తెల్ల కణాల లెక్క, వాటిలో రెండు రకాల కణాల మధ్య నిష్పత్తి, సి.ఆర్.పి. అనే ప్రోటీను, ఇంకా నోరు తిరగని పేర్లున్న మరికొన్ని పదార్థాలు. వీటన్నిటినీ కలిపి రక్త సూచికలు అన్నారు. అందరం శ్రద్ధగా రాసుకుంటున్నాం. వెనక వరసలోనుంచి ఒక ఆశా కార్యకర్త లేచి అడిగింది: "సార్, తెలిసినంక ఏం జేస్తరు?"

డాక్టరుగారు ఒక్క క్షణం ఆగి, "జాగ్రత్తగా చూసుకుంటాం అమ్మా" అన్నారు. ఆమె కూచోలేదు. "ఇప్పుడు నీళ్ళు పోయినయని మొత్తుకుంటెనే మూత్రమేలే, ఇంటికి పో అంటున్నరు గద సార్. మనిషి జెప్తె ఇననోళ్ళు రక్తం జెప్తె ఇంటరా?"

హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత సిగ్గేసింది. ఎందుకంటే ఆ రోజు ఆ హాల్లో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. చదువుకున్న మనమెవరమూ అడగలేదు.

నేను రక్త పరీక్షకు వ్యతిరేకిని కాను. విజ్ఞానానికి అంతకన్నా కాను. సూచికలమీద పరిశోధన జరగాలి. నా పేచీ వేరే ఉంది. హెచ్చరికగా పనికిరావలసిన అంకెను ఒకచోట ఎవరూ చదవరు. ఇంకోచోట స్త్రీ నోటి మాటకు బదులుగా వాడతారు. మరోచోట ఆమె ప్రాణం కాపాడటానికి కావలసిన అనుమతి పత్రంగా మారుస్తారు. ఈ మూడూ జరిగాయి. మూడింటికీ ప్రాణాలు పోయాయి. అందుకే స్త్రీల ఆరోగ్యం గురించి పనిచేసే మనం ఈ విషయాన్ని డాక్టర్ల వ్యవహారమని వదిలేయడానికి వీల్లేదు.

ఉమ్మనీరు గురించి కొంచెం

మనలో చాలామందిమి కన్నవాళ్ళమే. అయినా ఉమ్మనీరు గురించి మనకెవరూ సరిగ్గా చెప్పలేదు. గర్భంలో బిడ్డ చుట్టూ పలచని పొరలతో ఒక సంచి ఉంటుంది. అందులోని నీరే ఉమ్మనీరు. బిడ్డకు దెబ్బ తగలకుండా, ఊపిరితిత్తులు పెరిగేలా ఆ నీరు చూస్తుంది. కింద యోనిలో ఉండే సూక్ష్మక్రిములు పైకి పాకకుండా ఆ పొరలు అడ్డుగోడగా ఉంటాయి. మామూలుగా నొప్పులు వచ్చాక ఆ సంచి పగులుతుంది. 37 వారాలు నిండకముందు, నొప్పులు రాకముందే పగిలితే చిక్కు. ప్రతి వందమంది గర్భిణుల్లో దాదాపు ముగ్గురికి ఇలా జరుగుతుంది. నెలలు తక్కువ కాన్పుల్లో సుమారు మూడోవంతు ఈ కారణంగా జరిగేవే.

గోడ కూలింది కాబట్టి క్రిములు పైకి వెళ్ళే దారి తెరుచుకుంటుంది. చాలాసార్లు ఆ క్రిములే ముందుగా చేరి పొరలను బలహీనపరచి పగలగొడతాయి కూడా. ఇక అక్కడినుంచి ప్రతి గంటా లెక్కలోకి వస్తుంది. ఇన్ఫెక్షన్ గర్భసంచిలో మొదలై రక్తంలోకి ఎక్కితే సెప్సిస్. అది ముదిరితే రక్తపోటు పడిపోతుంది, ఒక్కొక్క అవయవమే పని మానేస్తుంది. ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్న మాతృ మరణాల్లో సుమారు పదోవంతు సెప్సిస్ వల్లనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో లెక్కగట్టింది.

చేయవలసిన పనులు రహస్యమేమీ కాదు. నీళ్ళు పోతున్నాయని ఆమె అనగానే నమ్మాలి. శుభ్రపరచిన పరికరంతో లోపల చూసి నిర్ధారించాలి. నొప్పులు లేనప్పుడు పదేపదే చెయ్యిపెట్టి చూడకూడదు, దానివల్లే క్రిములు పైకి వెళతాయి. ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్ ఇవ్వాలి. 2001లో ప్రచురితమైన పెద్ద అధ్యయనం, 4,826 మంది స్త్రీలతో చేసినది, దీనికి ఆధారం. బిడ్డ బతికే వయసుకు చేరువైతే ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ సూదులు ఇవ్వాలి. ఆ సంగతి న్యూజిలాండ్‌లో 1972 నాటికే రుజువైంది. అన్నిటికంటే ముఖ్యం, కాపలా. జ్వరం, నాడి, పొట్ట నొప్పి, పోయే నీటి వాసన, బిడ్డ కదలిక, గుండె చప్పుడు. కొన్ని గంటలకొకసారి ఎవరో ఒకరు ఆమె దగ్గరికి వచ్చి చూడాలి. ఈ కాపలాలో రక్త పరీక్ష ఒక భాగం. అంతకుమించి కాదు.

రక్తం ఎంతవరకు చెప్పగలదు?

ఇన్ఫెక్షన్ సోకినప్పుడు శరీరం తెల్ల కణాలను పెంచుతుంది. కాలేయం సి.ఆర్.పి.ని తయారుచేస్తుంది. అందుకే ఆ అంకెలు చూస్తారు. అయితే గర్భంతో ఉన్నప్పుడు తెల్ల కణాలు ఎలాగూ పెరుగుతాయి. నొప్పులు వస్తే ఇంకా పెరుగుతాయి. బిడ్డ కోసం ఇచ్చే స్టెరాయిడ్ సూది కూడా వాటిని పెంచుతుంది. సి.ఆర్.పి. ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా పెరుగుతుంది. కొన్నిసార్లు గర్భసంచిలో ఇన్ఫెక్షన్ ఉండి కూడా ఈ అంకెలు వెంటనే పెరగవు. కాబట్టి ఏ ఒక్క అంకెనూ ఒంటరిగా నమ్మవద్దని, మనిషిని పరీక్షించి, రక్తాన్ని, బిడ్డ గుండె చప్పుడును కలిపి చూడమని బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు 2015లో స్పష్టంగా చెప్పాయి. ఇక ఏ లక్షణాలూ లేని గర్భిణికి ఫలానా సమయంలో ఉమ్మనీరు పోతుందని నమ్మకంగా చెప్పే రక్త పరీక్ష మామూలు వైద్యంలోకి ఇంకా రాలేదు.

పరిశోధకులు ఈ పరిమితులన్నీ రాస్తారు. అమ్మేవాళ్ళు రాయరు. రేపు ఏదో ఒక ల్యాబు వీటన్నిటినీ కట్టగట్టి "సురక్షిత మాతృత్వ ప్యాకేజీ" అని అమ్మకానికి పెడితే ఆశ్చర్యపోనక్కర్లేదు. డబ్బున్న ఇంటి కోడలు అనవసరంగా ఆ పరీక్షలు చేయించుకుని భయంతో నెలలు గడుపుతుంది. డబ్బులేని ఆమెకు థర్మామీటరు పెట్టి చూసే దిక్కుండదు.

రక్తం చెప్పినా వినకపోవడం మనకు కొత్తా? హిమోగ్లోబిన్‌కంటే పాత, చవకైన రక్త పరీక్ష ఏముంది? ప్రతి గర్భిణికీ చేస్తున్నారు, కార్డుమీద రాస్తున్నారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 50.4 శాతం మందికి రక్తహీనత ఉంది. 2019-21 సర్వేకు వచ్చేసరికి అది 52.2 శాతం అయింది. తెలిసింది. కార్డుకెక్కింది. నివేదికలకెక్కింది. తెలిసినంక ఏం జేసిండ్రు? ఇనుము మాత్రలు చేతిలో పెట్టి, వేసుకోలేదని ఆమెనే తిట్టారు. ఆమె పళ్ళెంలో ఏముందో, ఇంట్లో ఆమె ఎన్నో వంతున తింటుందో అడిగినవాళ్ళు తక్కువ.

ఇంకో ఉదాహరణ చూడండి. నెలలు తక్కువ కాన్పు వచ్చేలా ఉన్న తల్లులకు డెక్సామెథసోన్ అనే చవకైన స్టెరాయిడ్ సూదిని గ్రామ స్థాయిదాకా తీసుకెళ్ళి ఇస్తే ఏమవుతుందో భారత్‌తో సహా ఆరు దేశాల్లో చూశారు. మన దేశంలో బెల్గాం, నాగపూర్ ప్రాంతాలు అందులో ఉన్నాయి. ఫలితాలు 2015లో వచ్చాయి. శిశు మరణాలు మొత్తంమీద తగ్గకపోగా పెరిగాయి. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానాలూ పెరిగాయి. అదే సూదిని ఐదు దేశాల ఆస్పత్రుల్లో, వారాలు సరిగ్గా లెక్కకట్టి, ఇన్ఫెక్షన్ లేదని చూసుకుని, పుట్టిన బిడ్డకు సంరక్షణ ఉన్నచోట ఇచ్చినప్పుడు శిశు మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. ఆ ఫలితాలు 2020లో వచ్చాయి. మందు ఒకటే. తేడా అంతా చూసుకునే మనుషులది, ఆస్పత్రిది. పరీక్షయినా మందయినా దానంతటది ఎవరినీ కాపాడదు.

గాల్వేలో ఒక అంకె

డబ్బు లేని దేశం కాబట్టి ఇలా ఉంది అనుకునేవాళ్ళ కోసం ఐర్లండ్ సంగతి చెప్పాలి. ఆమె పేరు సవితా హలప్పనవర్. కర్ణాటకలోని బెల్గాం అమ్మాయి. దంత వైద్యురాలు. వయసు 31. పెళ్ళయి ఐర్లండ్‌లోని గాల్వేలో స్థిరపడింది. మొదటి గర్భం, 17వ వారం. 2012 అక్టోబరు 21న నడుము నొప్పితో ఊళ్ళోని పెద్ద ఆస్పత్రికి వెళ్ళింది. ఇంటికి పంపేశారు. ఏదో కిందికి జారుతున్నట్టుందని అదే రోజు మళ్ళీ వచ్చింది. అప్పుడు చేర్చుకున్నారు. గర్భం నిలవదని డాక్టర్లకు అర్థమయింది. ఆ అర్ధరాత్రి దాటాక ఉమ్మనీరు పోయింది.

చేరిన రోజునే రక్తం తీశారు. తెల్ల కణాలు మన ల్యాబు కాగితాల లెక్కలో చెప్పాలంటే 16,900. మామూలుగా 11,000 లోపు ఉంటాయి. గర్భిణికి కొంత ఎక్కువ ఉంటాయన్నది నిజమే. ఆ ఒక్క అంకెతో ఇన్ఫెక్షన్ అని తీర్పు చెప్పలేం. కానీ మళ్ళీ పరీక్ష చేయవలసిన అంకె అది. ఆమె మీద కన్నేసి ఉంచమని చెప్పే అంకె అది. ఆస్పత్రిలోనే ఉంది. దాన్ని వెంటనే పట్టించుకున్నవాళ్ళు లేరు.

బిడ్డ దక్కదని తెలిశాక, గర్భం తీసేయమని సవిత, ఆమె భర్త అడిగారు. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇది కాథలిక్ దేశమని తాను అన్నమాట నిజమేనని ఒక నర్సు తర్వాత విచారణలో ఒప్పుకుంది. 24 తెల్లవారుజామున సవితకు చలి, వణుకు, జ్వరం వచ్చాయి. ఇన్ఫెక్షన్ రక్తంలోకి ఎక్కిందని అప్పుడు గుర్తించారు. ఆ రోజే పిండం బయటికి వచ్చింది. 28న సవిత చనిపోయింది.

2013లో జరిగిన విచారణలో డబ్లిన్‌కు చెందిన సీనియర్ ప్రసూతి వైద్యుడు పీటర్ బోయ్లన్ సాక్ష్యం చెప్పాడు. 22నగానీ 23నగానీ గర్భం తీసేసి ఉంటే ఆమె బతికే అవకాశమే ఎక్కువని ఆయన అభిప్రాయం. ఆమె ప్రాణం తీయగలిగేంత జబ్బు పడేదాకా చట్టం అందుకు ఒప్పుకోదని కూడా ఆయనే చెప్పాడు. ప్రొఫెసర్ అరుల్‌కుమారన్ అధ్యక్షతన జరిగిన దర్యాప్తు మూడు తప్పులను ఎత్తిచూపింది. సరిగా కాపలా కాయలేదు. ఉన్న మార్గాలన్నీ ఆమెకు చెప్పలేదు. సెప్సిస్ విషయంలో పాటించవలసిన పద్ధతులు పాటించలేదు. ఆరోగ్య సేవల నాణ్యతను చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ 2013 అక్టోబరులో తన నివేదికలో, ఆమెను కాపాడే అవకాశాలు 13 చేజారాయని లెక్కపెట్టింది.

ఆ మూడు తప్పులనూ మరోసారి చదవండి. వాటిలో ఏ ఒక్కటీ కొత్త రక్త పరీక్ష లేకపోవడంవల్ల జరిగింది కాదు. ఉన్న పరీక్షను చూడలేదు, ఉన్న మనిషి మాట వినలేదు.

హెచ్చరికా, అనుమతి పత్రమా?

ఐర్లండ్ రాజ్యాంగంలో 1983లో చేర్చిన ఎనిమిదో సవరణ తల్లి ప్రాణానికీ గర్భస్థ శిశువు ప్రాణానికీ సమాన హక్కు ఉందన్నది. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! ఆచరణలో దీని అర్థం ఏమిటి? తల్లి ప్రాణానికి నిజమైన ప్రమాదం ఉంటేనే గర్భం తీయవచ్చునని అక్కడి సుప్రీంకోర్టు 1992లో చెప్పింది. ఎంత ప్రమాదం ఉంటే నిజమైన ప్రమాదం? జ్వరం ఎంత ఉండాలి? తెల్ల కణాలు ఎన్ని వేలు దాటాలి? ఎవరూ చెప్పలేదు. డాక్టరు ఒక కన్ను రోగి మీద, ఇంకో కన్ను జైలు మీద పెట్టుకుని కూచుంటాడు.

ఇక్కడే సూచిక స్వభావం తలకిందులవుతుంది. ఇన్ఫెక్షన్ రాబోతున్నదని చెప్పి ఆమెను కాపాడటానికి పుట్టిన అంకె, ఇన్ఫెక్షన్ తగినంత వచ్చిందా లేదా అని తేల్చే అంకె అవుతుంది. కాపాడాలంటే ముందు ఆమె చావుకు దగ్గరగా వెళ్ళి చూపించాలి. నిప్పు అంటుకున్నదని చెబితే చాలదు, ఇల్లు సగం కాలినట్టు రుజువు తెమ్మన్నట్టుంది ఇది.

ఇది ఒక్క ఐర్లండ్ కథ కాదు. పోలండ్‌లో 2020 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం గర్భస్రావ చట్టాన్ని మరింత బిగించింది. 2021 సెప్టెంబరులో ప్ష్చినా పట్టణ ఆస్పత్రిలో ఇజబెలా అనే 30 ఏళ్ళ స్త్రీ, 22వ వారంలో ఉమ్మనీరు పోయి, సెప్సిస్‌తో చనిపోయింది. పిండం గుండె ఆగేదాకా డాక్టర్లు ఎదురుచూస్తున్నారని ఆమె ఆస్పత్రి మంచంమీదనుంచి తల్లికి ఫోనులో రాసి పంపింది. అమెరికాలోని టెక్సస్‌లో 2022 ఆగస్టులో అమాండా జురావ్‌స్కీకి 18వ వారంలో ఉమ్మనీరు పోయింది. ఆమెకు సెప్సిస్ వచ్చేదాకా డాక్టర్లు చెయ్యి వేయలేదు. ఆమె బతికింది. మరికొందరు స్త్రీలతో కలిసి 2023లో కోర్టుకెక్కింది. 2024 మే 31న టెక్సస్ సుప్రీంకోర్టు వాళ్ళ వాదనను తోసిపుచ్చింది. వైద్యపరమైన మినహాయింపు ఏమిటో వివరిస్తూ 2025లో అక్కడ ఒక చట్టం చేశారు. నిషేధం మాత్రం అలాగే ఉంది.

మూడు దేశాలు, మూడు చట్టాలు. మంచంమీద పడుకున్న స్త్రీకి అందిన ఆదేశం మాత్రం ఒకటే: ఆగు, ఇంకాస్త జబ్బు పడు.

ఐర్లండ్ స్త్రీలు ఊరుకోలేదు. సవిత ఫోటోలు పట్టుకుని వేలమంది వీధుల్లోకి వచ్చారు. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో 66.4 శాతం మంది ఆ ఎనిమిదో సవరణ రద్దుకు ఓటేశారు. ఒక బెల్గాం అమ్మాయి చావు ఒక దేశ రాజ్యాంగాన్ని మార్చే పోరాటానికి ముఖచిత్రమయింది. గర్వపడే విషయమేనా అది? ఆ మార్పు ఆరేళ్ళ ముందు వచ్చి ఉంటే ఆమె బతికి ఉండేది.

మన దగ్గర చట్టం అడ్డం లేదు. మరి?

సవిత చనిపోయినప్పుడు మన దేశంలో చాలామంది ఐర్లండ్‌ను తిట్టారు. "మన దగ్గరైతే బతికేది" అన్నారు. చట్టం వరకు చూస్తే అది నిజమే. 1971 గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం స్త్రీ ప్రాణం కాపాడటానికి తక్షణం అవసరమని ఒక్క అర్హుడైన డాక్టరు నమ్మితే చాలు, వారాల పరిమితి అడ్డురాదు. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 18 ఏళ్ళు నిండిన స్త్రీకి ఆమె సంతకం ఒక్కటే చాలు. భర్త సంతకం చట్టం అడగదు.

మరి ఆస్పత్రిలో ఏమడుగుతారు? "మీ ఆయన ఏడీ? పెద్దవాళ్ళెవరైనా వచ్చారా?" అక్కడ చట్టం పోలీసులా నిలబడితే, ఇక్కడ కుటుంబం నిలబడుతుంది. మగబిడ్డేమోనని అత్త ఆగమంటుంది. భర్త దుబాయిలోనో బొంబాయిలోనో ఉంటాడు, ఫోను ఎత్తడు. బండికి డబ్బులు కుదరవు. ఊళ్ళో ఆస్పత్రి మండలానికి పంపుతుంది, మండలం జిల్లాకు పంపుతుంది, జిల్లా పట్నానికి పంపుతుంది. ప్రతిచోటా మళ్ళీ రక్తం తీస్తారు. ముందు తీసిన రక్తం ఏం చెప్పిందో ఆమె చేతిలో కాగితం ఉండదు. సవిత కేసులో ఫలితం ఆస్పత్రిలోనే ఉండిపోయింది. మన దగ్గర ఆమెకంటే వెనకబడిపోయి మరో ఊళ్ళో ఉండిపోతుంది.

మనం గ్రామాల్లో కూచుని మాట్లాడినప్పుడు ఇవి వింటూనే ఉంటాం. "నీళ్ళు పోయినయంటే గుడ్డ పెట్టుకొమ్మన్నరు." "జ్వరమంటే గోలీ ఇచ్చిండ్రు." "రక్తం దీస్కపోయిండ్రు, ఏమొచ్చిందో నాకైతే చెప్పలె." ఈ మూడో మాట మనకు పాత జ్ఞాపకాలను తెస్తుంది. 1985లో పటాన్‌చెరు ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిని, అది ప్రయోగమని చెప్పకుండా స్త్రీలకు ఇవ్వబోయారు. స్త్రీ శక్తి సంఘటన అక్కడికి వెళ్ళి అడ్డుకుంది. మరుసటి ఏడు ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళింది. మా ఒంట్లోకి ఏం ఎక్కిస్తున్నారో చెప్పమని అప్పుడు అడిగాం. మా ఒంట్లోనుంచి తీసినదాంట్లో ఏం కనబడిందో చెప్పమని ఇప్పుడు అడుగుతున్నాం. రెండూ ఒకటే హక్కు.

మనకు ఎదురయ్యే వాదనలు

"చెబితే ఆడవాళ్ళు భయపడతారు" అంటారు. భయపడతారు. ప్రమాదం ఉన్నప్పుడు భయపడటం తెలివైన పనే. ఏమీ తెలియకుండా చనిపోవడంకంటే తెలిసి భయపడి మరో ఆస్పత్రికి పరుగెత్తడం మేలు.

"ఒక్క నర్సు యాభైమందిని చూస్తుంటే గంటకోసారి నాడి ఎవరు చూస్తారు?" అంటారు. ఈ మాటలో నిజం ఉంది. ఆ నర్సు మనకు శత్రువు కాదు. ఆమె కూడా చాలీచాలని జీతంతో, సెలవు లేకుండా పనిచేసే స్త్రీయే. కానీ ఆ నిజానికి జవాబు ఇంకో నర్సును వేయడం. యంత్రాన్ని కొని ప్రారంభోత్సవం చేయడం సులువు. నర్సుల ఖాళీలు నింపడానికి రిబ్బను కత్తిరించే అవకాశం లేదు.

"రెండు ప్రాణాలు కదా, తొందరపడితే ఎలా?" అంటారు. 17 వారాల్లో ఉమ్మనీరు పోయి, గర్భం నిలవదని డాక్టర్లే తేల్చాక, ఎదురుచూడటంవల్ల సవిత బిడ్డ బతకలేదు, సవితా బతకలేదు. ఆ ఎదురుచూపు ఎవరిని కాపాడింది?

అయితే ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. ఉమ్మనీరు పోయిన ప్రతి స్త్రీకీ గర్భం తీసేయాలని మన వాదన కాదు. ఇరవైనాలుగు, ఇరవైఎనిమిది, ముప్ఫైరెండు వారాల్లో ఉమ్మనీరు పోయిన ఎందరో తల్లులు ఇన్ఫెక్షన్ లేకుండా, మంచి కాపలాలో, రోజులూ వారాలూ ఆగి బిడ్డలను దక్కించుకుంటున్నారు. ఇంకా ముందే పోయినా, ప్రమాదం తెలిసి కూడా ఆగుతానంటే అది ఆమె ఇష్టం. ఆగే హక్కు, ఆగనని చెప్పే హక్కు రెండూ ఆమెవే. ఆగమని మరొకరు ఆజ్ఞాపించడం వేరు, తెలుసుకుని తానే ఆగడం వేరు. ఆ నిర్ణయానికి రక్త పరీక్ష సాయపడాలి. ఆమె తరఫున నిర్ణయం తీసుకోకూడదు.

మనం అడగాల్సినవి

చివరికి ఆ ఆశా కార్యకర్త ప్రశ్నకే వద్దాం. తెలిసినంక ఏం చేయాలో మనం రాసి పెట్టుకుని, ప్రతి ఆరోగ్య కేంద్రం దగ్గర, ప్రతి మహిళా సంఘం సమావేశంలో అడగవలసి ఉంది.

ఒకటి. నీళ్ళు పోతున్నాయని గర్భిణి చెబితే పరీక్షించి చూసేదాకా అది ఉమ్మనీరే అనుకోవాలి. చూడకుండా ఇంటికి పంపిన ప్రతి సంఘటనకూ సంజాయిషీ ఉండాలి.

రెండు. జ్వరం, నాడి, వాసన, నొప్పి, బిడ్డ కదలిక. ఇవి ఎన్ని గంటలకొకసారి చూశారో కాగితంమీద ఉండాలి. ఆ కాగితం ఆమె మంచం దగ్గర ఉండాలి. నాడి వంద దాటినా, వణుకు వచ్చినా, నీరు కంపు కొట్టినా రాత్రి రెండింటికైనా డాక్టరు రావాలి.

మూడు. తీసిన ప్రతి రక్త పరీక్ష ఫలితాన్నీ ఎవరు చదవాలో పేరు రాయాలి. చదివి, ఆమెకు ఆమె భాషలో చెప్పాలి. పై ఆస్పత్రికి పంపినప్పుడు ఫలితం ఆమె చేతిలో ఉండాలి. అడిగిన 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నుంచీ డాక్టర్లకు నియమం ఉంది. దాన్ని వాడుకుందాం. ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణికి పరీక్షలు, మందులు, రవాణా ఉచితంగా ఇవ్వాలన్న పథకం 2011 నుంచీ ఉంది. బయట ల్యాబుకు పంపితే ఎందుకు పంపారని అడుగుదాం.

నాలుగు. సంతకం ఆమెదే కావాలి. స్పృహలో ఉన్న మేజరు స్త్రీ వైద్యానికి మరొకరి అనుమతి చెల్లదని, తల్లి ఇచ్చిన అనుమతి కూడా చాలదని 2008లో సమీరా కోహ్లి కేసులో మన సుప్రీంకోర్టు చెప్పింది. భర్త కోసం ఆగి వైద్యం ఆలస్యం చేస్తే ఈ తీర్పు చూపిద్దాం.

ఐదు. మాతృ మరణాల సమీక్ష ఎక్కడ జరిగినా ఆ స్త్రీ ఏమని చెప్పిందో, ఎప్పుడు చెప్పిందో, ఎవరు విన్నారో మొదట రాయాలి. రక్తంలో ఏముందో తర్వాత రాయవచ్చు.

పరిశోధకులకు ఒక విన్నపం. మీ సూచికలు కనిపెట్టండి. మాకు కావాలి. కానీ ప్రతి పత్రంలో ఇంకొక్క వరస చేర్చండి: ఈ అంకె తెలిశాక, నర్సులు లేని, థర్మామీటరు పనిచేయని వార్డులో ఉన్న స్త్రీకి ఏం మారుతుంది? ఆ వరసకు జవాబు రాయలేకపోతే మీ పని సగమే అయింది.

సవిత రక్తం మూడు రోజులు ముందే చెప్పింది. సవిత నోరు కూడా చెప్పింది. రెండిటినీ విననివాళ్ళకు మూడో సాక్షిని తెచ్చి ఇచ్చినా ప్రయోజనం ఉండదు. ఈసారి శిక్షణ సమావేశంలో ఎవరైనా కొత్త పరీక్ష గురించి బొమ్మలు వేసి చూపిస్తే, రాసుకోవడం కాసేపు ఆపి మనమందరం ఒకేసారి లేచి అడుగుదాం.

తెలిసినంక ఏం జేస్తరు?